సెలినుంతుం అనే ఊరు లేదు

వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ముందు తలుపు తెరిచి పట్టుకుంటే, అటు చూడనైనా చూడకుండా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, ఎవరో ఒకరు తెరుస్తారన్న ధీమాతో నిలబడ్డాడు. ముప్ఫై రెండేళ్ళుగా ఎవరో ఒకరు తెరుస్తూనే ఉండి ఉంటారు. తెరిచాను. పెట్టె వెనకాల పెట్టాను. చేతిసంచి మాత్రం నా చేతికివ్వలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. పౌడరు వాసన, విమానంలో తిన్న కూర వాసన, ఇస్త్రీ వాసన. మెడ దగ్గర ఫాదర్లు పెట్టుకునే ఆ చిన్న తెల్ల పట్టీ. అది నా మెడకు ఉండవలసింది అని ఇవాళ అనుకోకూడదని పొద్దున గడ్డం గీసుకుంటూ ఒట్టు పెట్టుకున్నాను, చాంగీ ఎయిర్‌పోర్టు దాటకముందే అనుకున్నాను. మీరేనా షాన్ గారు అని అడిగాడు. ఔనన్నాను. మూతికి మాస్కు ఉంది, నెత్తిన టోపీ ఉంది, టోపీ కింద జుట్టు లేదు. దగ్గు ఫాదర్ అని చెప్పాను, దగ్గు లేదు. లూర్దు రెడ్డి నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపడతాడేమోనని వారం రోజులు నిద్ర చెడగొట్టుకున్నవాణ్ణి, గుర్తుపట్టనందుకు ఇంత మండుతుందని అనుకోలేదు.

షాన్ అని పేరు పెట్టింది జురాంగ్ షిప్‌యార్డులో మా మొదటి ఫోర్‌మన్. శౌరి అనడానికి అతనికి నోరు తిరగలేదు, మూడో రోజున షాన్ అన్నాడు, అదే నిలిచిపోయింది. ఇప్పుడు మా ఆఫీసులో, బ్లాకులో, చివరికి మా తెలుగువాళ్ళలో కూడా నేను షాన్ అంకుల్‌నే. అలేఖ్య కూడా అలాగే పిలుస్తుంది. సైన్స్ పార్కులో ఏదో ల్యాబ్‌లో పనిచేస్తుంది ఆ పిల్ల, బూన్ లేలో ఉంటుంది. తెలుగులో పూజ చెప్పే ఫాదర్ ఎవరైనా ఈ దారిన వెళ్తున్నారని తెలిస్తే చాలు, పట్టుకుని తన ఫ్లాట్‌కి పిలిపిస్తుంది. మేం పాతికమందిమి ఆ హాల్లో మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించుకుని కూర్చుంటాం. పోయిన శనివారం మెసేజ్ పెట్టింది. గుంటూరు వైపు నుంచి పెద్ద ఫాదర్ వస్తున్నారు, మనీలాలో మీటింగ్‌కి వెళ్తూ ఒకరోజు ఆగుతున్నారు, త్వరలో బిషప్ అవుతారంటున్నారు, మీ కంపెనీ వ్యానులో తీసుకురాగలరా అంకుల్ అని. కింద ఫొటో. బొద్దుగా, నున్నగా, ఒక చేయి దీవిస్తున్నట్టు ఎత్తి. ఆ ఫొటో వంక చూస్తూ అన్నం చల్లారబెట్టుకున్నాను. ఏమైందని ఉమ అడిగింది. నా పెళ్ళాం, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఫాదర్ కావడానికి నేను సెమినరీలో చదివిన రోజుల గురించి తనకు తెలిసింది ఒక్క ముక్క, నాకు దేవుడి పిలుపు లేదని తెలిసి బయటికి వచ్చేశానని. అదీ అబద్ధమే. తెలిసినవాడు అని చెప్పాను. అయితే వెళ్ళి తీసుకురా లా, దానికింత ముఖం ఎందుకు అంది, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకూ తగిలించే ఆ లాతో.

వెళ్ళకుండా ఎలా ఉంటాను. తనంతట తాను నా దగ్గరికి వస్తున్నాడు. వారం రోజులు వెల్డింగ్ షెడ్డులో నడుస్తూ, క్యాంటీన్ క్యూలో నిలబడి, ఆంగ్ మో కియోలో మా లిఫ్టు కోసం ఎదురుచూస్తూ, చెప్పాల్సిన మాటలు నూరుకున్నాను. పూజ మొదలయ్యే ముందు లేచి నిలబడతాను. ఈయన్ని మీరు బిషప్ అంటున్నారు, ఈయన ఎవరో నేను చెబుతాను అంటాను. ఆ తర్వాతి మాటలు ఒక్కోరోజు ఒక్కోలా వచ్చేవి. కొన్నిసార్లు చాలా మర్యాదగా, కొన్నిసార్లు పల్లెలో మా మేనమామలు తిట్టుకునేలా. అన్నిట్లోనూ చివరికి అతను తల దించుకునేవాడు. అక్కడితో ఆగిపోయేది, ఆ పైన ఏం జరుగుతుందో ఒక్కసారీ ఊహకు రాలేదు.

వాన మొదలైంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీ వెనక కుర్రాళ్ళు టార్పాలిన్ కింద ముడుచుకుని కూర్చున్నారు, ఒకడు నా వ్యాను అద్దంలోకి చూస్తున్నాడు. నేనూ అలా కూర్చున్నవాణ్ణే. వెనక సీటాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ గొంతు మారలేదు. ప్రతి మాట చివరా కాస్త సాగదీయడం, ఎదుటివాడు ముందే ఒప్పేసుకున్నాడన్నట్టు నవ్వడం. ఆ రాత్రికి పెరుగు దొరుకుతుందో లేదో కనుక్కోమని ఎవరికో చెబుతున్నాడు, మసాలాలు పడవని చెబుతున్నాడు. ఆ కడుపులో నా సంవత్సరాలు కూడా ఉన్నాయి, అవి బాగానే అరిగినట్టున్నాయి. పక్క లేనులోకి మారాను, ఇండికేటర్ వేయకుండానే, వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ ఊళ్ళో నా మీద పడిన మొదటి హారన్ అది.

ఇన్నాసి స్వామి అయితే హారన్ వినేవాడు కూడా కాదు. చెవులు సగం, కళ్ళు సగం. మాకు లాటిన్ చెప్పే ముసలి ఫాదర్, అంగీ మీద ఎప్పుడూ ముక్కుపొడుం మరకలు. వ్యాకరణం కన్నా ఆయనకు ఊళ్ళంటే ఇష్టం. ఎక్కడో సముద్రాల అవతల ఎప్పుడో కూలిపోయిన ఊళ్ళు. గ్రీకులు కట్టుకున్న ఊళ్ళకు గ్రీకులు పెట్టుకున్న పేర్లు, వాటిని రోమన్లు తమ లాటిన్ లోకి తీసుకున్నప్పుడు ఏమయ్యాయో చెప్పడం మొదలుపెడితే భోజనం గంట కూడా వినిపించేది కాదు. కొన్ని పేర్లను రోమన్లు ముట్టుకోలేదురా అనేవాడు. నేయాపోలిస్ నేయాపోలిస్‌గానే ఉండిపోయింది, గ్రీకు బట్టలు విప్పలేదు. కొన్నిటిని మాత్రం విరిచారు. ఊరు తన పేరు తాను చెప్పుకుంటే తారాస్. ఎవడన్నా ఆ ఊరి మీదికి పోతున్నానని చెబితే, ద్వితీయా విభక్తిలో, తారాంత. రోమన్లు ఊరిని పేరు అడగలేదురా శౌరీ, దాని మీదికి పోయేవాళ్ళ నోట విన్నారు, విన్న ముక్కకే తమ తోక తగిలించి తారెంతుం అన్నారు. అక్రాగాస్‌ని అలాగే అగ్రిగెంతుం చేశారు. నీ పేరూ అంతే, ఎక్కడి జేవియర్, ఎన్ని నోళ్ళు దాటితే శౌరి అయ్యాడు అని నవ్వేవాడు. ముక్కుపొడుం వేళ్ళతో నా తల నిమిరేవాడు. ఆ చేయిని ప్రేమించాను. ఇప్పుడు వెనక సీట్లో ఉన్నవాడికన్నా ఆ చేయి మీదే నాకు ఎక్కువ కక్ష ఉందని ఎవరికి చెప్పను.

మాది పల్లె. ఊరు వేరు, పల్లె వేరు. గుడి ఒకటే, గుడిలో కూర్చునే వైపులు రెండు. ఊళ్ళో రెడ్లు పీఠం ముందు, మేం తలుపు దగ్గర. లూర్దు వాళ్ళ తాత ఆ గుడికి గంట ఇచ్చాడు, వాళ్ళ బాబాయి బిషప్ గారి ఆఫీసులో పెద్ద ఫాదర్. మా అమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేసేది. జ్ఞానస్నానంలో మరియమ్మ, పల్లెలో అంకమ్మ. సెమినరీలో మాత్రం అందరం ఒకటే వరసలో పడుకునేవాళ్ళం, ఒకటే గిన్నెలో సాంబారు. నేనూ లూర్దూ పక్కపక్క మంచాలు. నేనది నిజమనుకున్నాను. వాడికి లాటిన్ ఎక్కేది కాదు, అర్ధరాత్రి దాకా నేనే చెప్పేవాణ్ణి. పందొమ్మిది వందల తొంభై మూడు, మార్చి. ఇన్నాసి స్వామి పరీక్షలో ఇరవై గ్రీకు ఊళ్ళిచ్చి లాటిన్ పేర్లు రాయమన్నాడు. పందొమ్మిది తెలుసు. ఒకటి తెలియలేదు. సెలినూస్. తెలియనప్పుడు వదిలేయొచ్చు. నాకు వదలబుద్ధి కాలేదు. తారాస్ తారెంతుం అయింది, అక్రాగాస్ అగ్రిగెంతుం అయింది, మరి సెలినూస్ ద్వితీయలో సెలినూంత కనక సెలినుంతుం కావాలి కదా. ఆ మాట కాగితం మీద పెట్టినప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తే. ఎవరూ నేర్పని మాట. నేను కట్టిన ఊరు.

తప్పు. సెలినూస్‌ని రోమన్లు ముట్టుకోలేదు, లాటిన్లోనూ అది సెలినూసే. ఆ తప్పు పదిహేడు కాగితాల్లో రెండింట్లోనే ఉంది. నన్నూ లూర్దునీ సెమినరీ పెద్ద రెక్టర్ గదికి పిలిచారు. ఇన్నాసి స్వామి రెండు కాగితాలూ కళ్ళకు ఆనించుకుని చూసి, ఇదెలా వచ్చిందిరా అని ముందు నన్నడిగాడు. చెప్పాను, తారాస్ నుంచి మొదలుపెట్టి. ముసలాయన పెదవులు వణికాయి, నవ్వు అది, నాకు తెలుసు, తప్పుగానైనా ఇంతదూరం ఆలోచించాడే అన్న నవ్వు. తర్వాత లూర్దుని అడిగాడు. నోట్సులో ఉంది స్వామీ అన్నాడు. ఏ నోట్సు అంటే నేల చూశాడు. అక్కడితో తేలిపోవాలి. తేలలేదు. రెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి, దొంగతనం చేసినవాడే జవాబు సిద్ధం చేసుకుని వస్తాడు అన్నాడు. నేను ఇన్నాసి స్వామి వంక చూశాను. ఆయన ఆ రెండు కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి, బల్ల మీద ఉంచి, చేతులు అంగీ జేబుల్లో పెట్టుకున్నాడు. ఒక్క మాట. ఒక్క మాట చాలు, తెలిసినవాడు ఆయనొక్కడే. సాయంత్రం బస్సుకు నా రేకుపెట్టె గేటు దగ్గరికి మోసింది నేనే. లూర్దు భోజనాల గది కిటికీలోంచి చూశాడు. చూసి కిటికీ తలుపు చాటుకు తప్పుకున్నాడు.

ఇల్లు చేరిన రాత్రి అమ్మ ఏమీ అడగలేదు. మూడో నెలలో, పొయ్యి దగ్గర కూర్చుని, నా వంక చూడకుండా, నిజం చెప్పరా అయ్యా, చూసి రాశావా అంది. అప్పటికి కంపెనీలో ఆడవాళ్ళు ఆమెను దొంగసామి తల్లి అంటున్నారు. రాయలేదమ్మా అన్నాను. సర్లే అంది. ఆ సర్లేలో నమ్మకం లేదు. ఆమె పోయేదాకా ఆ నమ్మకం రాలేదు. దీన్ని ఎక్కడ అప్పగించాలి, ఏ ఆఫీసులో, ఎవరి బల్ల మీద.

"సి-టి-ఇ, ఆంగ్ మో కియో" అని వెనకనుంచి బోర్డు చదివాడు. ఫోను అయిపోయినట్టుంది. "ఇదేం పేరయ్యా, అర్థమేంటి?"

తెల్లవాడి వంతెన అని కొందరంటారు, తెల్లవాడి టమాటా అని కొందరంటారు, ఎవరికీ సరిగ్గా తెలియదు, నేనుండేది అక్కడే అని చెప్పాను. పెద్దగా నవ్వాడు. సీట్లో ముందుకు జరిగాడు, పౌడరు వాసన నా మెడ దాకా వచ్చింది. "పేర్లంటే గుర్తొచ్చింది. మా సెమినరీలో ఇన్నాసి స్వామని ఒక ముసలాయన ఉండేవాడులే. ఊళ్ళ పేర్లంటే పిచ్చి. గ్రీకు ఊళ్ళను రోమన్లు ఏమని పిలిచారో ఇరవై పేర్లు పరీక్షలో పెట్టాడు. ఒక్కటి మాత్రం ఎవరికీ రాలా. నేనొక్కణ్ణే సెలినుంతుం అని రాశా. నా పక్కనోడు నా పేపర్ చూసి అదే దించాడు. పల్లె నుంచి వచ్చిన పిలగాడు పాపం, తెలివిగలోడే. పంపించేశారు. కిటికీలోంచి చూస్తా ఉన్నా నేను, ఏడుపొచ్చింది. ఇప్పటికీ పూజలో వాడికోసం ప్రార్థన చేస్తా. క్షమాపణ మీద ప్రసంగం చెప్పాల్సొస్తే అదే చెప్తా, జనం కదిలిపోతారు. ఇవాళ మీవాళ్ళకి కూడా అదే చెబుదామనుకుంటన్నా."

చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. వైపర్లు కొడుతున్నాయి. నేను ఎనభైలో వెళ్తున్నాను, ముందున్న టాక్సీకి మూడు బండ్ల దూరం వదిలాను, అన్నీ సరిగ్గానే చేస్తున్నాను. అబద్ధం చెప్పేవాడి గొంతు నాకు తెలుసు, ఇరవై ఎనిమిదేళ్ళు కూలీలకు మేస్త్రీలు చెప్పే అబద్ధాలు విన్నాను, అందులో ఎక్కడో ఒక అతుకు ఉంటుంది. ఈ గొంతులో అతుకు లేదు. ఎన్ని గుళ్ళలో చెప్పాడో. ఎన్ని వేలమంది కళ్ళు తుడుచుకున్నారో, నన్ను క్షమించిన ఈ మహానుభావుణ్ణి చూసి. నేను ఓడ అడుగున పడుకుని మంటతో ఇనుము అతికిస్తున్నప్పుడు, ఎక్కడో మైకులో నేను దొంగనై, క్షమించబడి, మళ్ళీ దొంగనై. ఇంకో అరగంటలో అలేఖ్య హాల్లో, నేను మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న చోటే, మళ్ళీ.

"ఆ పిలగాడి పేరేంటి ఫాదర్?" అని అడిగాను.

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అద్దంలో నుదురు ముడతపడింది. "ఏదో ఉండె. జోజియో, చిన్నప్పో. చాలా ఏళ్ళయిందిలే."

పేరు లేకుండా ప్రార్థన చేస్తున్నాడు. ఆ ప్రార్థనలు ఎవరికి అందుతున్నాయి, ఏ జోజికి, ఏ చిన్నప్పకి. బుకిత్ తిమా బోర్డు వెనక్కి వెళ్ళిపోయింది. వాన తగ్గింది. వారమంతా నూరుకున్న మాటల్లో ఒక్కటీ రావడం లేదు. పాతికమంది ముందు తల దించుకోవలసినవాడు తన తల దించుకోవలసి ఉందని తెలిసినవాడై ఉండాలి కదా. అలా తెలిసిన శత్రువు కోసమే ఇన్నేళ్ళు కూడబెట్టుకున్నాను. వీడు వాడు కాదు. వీడి దగ్గర నా శత్రువు కూడా లేడు. బ్రాస్ బసాలో పాత పుస్తకాల షాపులో లాటిన్ నిఘంటువు కొన్న రోజు గుర్తొచ్చింది, మొదటి జీతాల రోజుల్లో ఒక ఆదివారం. నిలబడే ఎస్ అక్షరం తీసి సెలినూస్ వెతికాను. నా ఊరు అందులో లేదు. షాపు ఆవిడ కొంటావా కొనవా అంది. కొన్నాను. మంచం మీద పడుకుని ఊళ్ళన్నిటినీ ద్వితీయలో వల్లెవేసేవాణ్ణి, పక్క మంచం బంగ్లాదేశ్ కుర్రాడు జపం అనుకునేవాడు.

జురాంగ్ చిమ్నీలు కనిపిస్తున్నప్పుడు మాస్కు తీశాను.

"సెలినుంతుం తప్పు ఫాదర్. లాటిన్లో కూడా ఆ ఊరు సెలినూసే. సెలినుంతుం అనే ఊరు లేదు. తారెంతుం చూసి, అగ్రిగెంతుం చూసి, అది నేను కట్టిన పేరు."

బూన్ లే మలుపు తిరిగాను. ఎర్ర దీపం పడింది. అద్దంలో అతని కళ్ళు నా చెవుల మీద, మెడ మీద తిరుగుతున్నాయి, టోపీ తీసి పక్కన పెట్టాను, చూసుకోమని. దీపం పచ్చబడ్డాక అన్నాడు, చాలా చిన్నగా, "శౌరి."

ఆ తర్వాత అతను అడిగిన మొదటి మాట ఏదో చెబితే నమ్మడం కష్టం. "తప్పా అది?" అన్నాడు. "ఇన్ని చోట్ల చెప్పానే, తప్పా?"

నవ్వొచ్చింది. అలేఖ్య బ్లాకు కింద, వాన పడని చోట, వ్యాను ఆపాను. ఇంజిన్ ఆపలేదు. అతను దిగలేదు. సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పైన ఎంతమంది ఉంటారు అని అడిగాడు. పాతికమంది అని చెప్పాను. "చెప్తావా?" అన్నాడు. ఆ గొంతులో భయం ఉంది, దాని కోసమే కదా వచ్చాను, వింటే చల్లగా ఉంటుందనుకున్నాను, ఏమీ ఉండలేదు.

"రాసింది నేననే నాకు గుర్తు శౌరీ. దేవుడి మీద ఒట్టు. అట్లాగే గుర్తు."

వెనక్కి తిరిగి చూశాను. మొదటిసారి అద్దంలో కాకుండా. ముసలివాడవుతున్న బొద్దు ముఖం, కళ్ళ కింద సంచులు. నిజమే చెబుతున్నాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని చెప్పడం పద్ధతిగా ఉంటుందని తెలుసు, కలగలేదు. మా అమ్మ కూడా నేనే దొంగనని గుర్తుపెట్టుకుని చచ్చిపోయింది, అచ్చం నీలాగే అన్నాను. సెలినుంతుం ఎలా వచ్చిందో చెప్పు లూర్దూ, సెలినూస్ నుంచి అక్కడికి ఎలా వెళ్ళావో చెప్పు, ఇన్నాసి స్వామి అడిగాడు కదా, ఇప్పుడు చెప్పు. లూర్దూ అన్నాను, ఫాదర్ అనలేదు. అతను ప్రయత్నించాడు. పెదవులు కదిలాయి. తారాస్ అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఆగిన చోట ముఖం మారడం చూశాను. ముఖం వెనక ఏదో గది తలుపు తెరుచుకుని, లోపల సామాను తాను పెట్టినట్టు లేదని చూసినవాడి ముఖం. పార్కింగ్‌లో ఎవరో పిల్లల సైకిలు దించుకుంటున్నారు.

దిగి వెనక తలుపు తెరిచాను. పెట్టె దించి లిఫ్టు దగ్గర పెట్టాను. అతను దిగి పెట్టె పక్కన నిలబడ్డాడు. అప్పుడే ఫోను మోగింది, అలేఖ్య. వచ్చేశారా అంకుల్, అందరూ వెయిటింగ్ అంది.

"ఫాదర్ కింద లిఫ్టు దగ్గరున్నారమ్మా. పదకొండో అంతస్తు, ఆయన వస్తారు. నేను పైకి రావట్లేదు."

"అదేంటంకుల్, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఇవాళ ఆయన ప్రసంగంలో ఒక పిలగాడి కథ చెప్తారు. చెప్పకపోతే మీరే అడగండి. పరీక్షలో ఎవరు ఎవర్ని చూసి రాశారో, ఆ పిలగాడి పేరేంటో అడగమ్మా, అందరి ముందూ. ఆయనకిప్పుడు తెలుసు."

ఏమీ అర్థంకాక ఓకే అంకుల్ అంది. మూడడుగుల దూరంలో నిలబడి అతను ప్రతి మాటా విన్నాడు. నేను వ్యానులో కూర్చున్నాను. లిఫ్టు దిగింది, తలుపులు తెరుచుకున్నాయి, లోపల దీపం అతని తెల్ల అంగీ మీద పడింది. అతను పెట్టె పిడి పట్టుకున్నాడు. ఎక్కలేదు. తలుపులు మూసుకున్నాయి. చాలాసేపటికి చేయి చాపి మళ్ళీ బొత్తాం నొక్కాడు.